సాక్ష్యం అడిగితే అవిశ్వాసమా?

ధ్యాన భాగములు: లూకా 1:1-4, యోహాను 20:24-31, 1 కొరింథీ 15:1-8



మన సంఘాలలో "సాక్ష్యం" అనే మాట వినబడని ఆదివారం ఉండదు. ఒక సహోదరి లేచి ప్రభువు తన ఇంట్లో చేసిన మేలు చెబుతుంది. మనం చివర హల్లెలూయ అంటాం. అదే మాట సోమవారం నాడు శ్రీకాకుళం కోర్టులోనూ వినబడుతుంది, విజయనగరం కోర్టులోనూ వినబడుతుంది. అక్కడ సాక్ష్యం చెప్పినవాణ్ణి ప్లీడరు నిలదీస్తాడు. నువ్వు కళ్ళారా చూశావా? ఎంత దూరంలో నిలబడ్డావు? నీతోపాటు ఇంకెవరున్నారు? అని అడుగుతాడు. మాట ఒక్కటే. ఆదివారం దాన్ని ప్రశ్నించకూడదనుకొంటాం, సోమవారం ప్రశ్నించి తీరాలనుకొంటాం.

ఇప్పుడు మన ఇళ్ళలో డిగ్రీలు, ఇంజనీరింగులు చదువుతున్న బిడ్డలు ఈ రెండింటినీ కలిపి అడుగుతున్నారు. "నాన్నా, యేసుప్రభువు నిజంగా లేచాడని రుజువేమిటి?" అంటున్నారు. దానికి మన దగ్గర సాధారణంగా రెండు జవాబులున్నాయి. ఒకటి, "అలా అడగకూడదు, సాతాను శోధన అది, నమ్ము అంతే" అని గద్దించడం. రెండోది, "సైన్సు అంతా బైబిలును ఎప్పుడో రుజువు చేసేసింది" అని గొప్పలు చెప్పడం. ప్రియులారా, ఈ రెండూ తప్పే. మొదటి జవాబు బిడ్డను సంఘం బయటకు పంపిస్తుంది. రెండో జవాబు అబద్ధమని తెలిసిన రోజున బిడ్డ తనంతట తానే వెళ్ళిపోతాడు.

విశ్వాసానికీ రుజువుకూ ఉన్న సంబంధం ఏమిటో మన ప్రాంతపు చరిత్రను దగ్గర పెట్టుకొని ఈ వేళ ఆలోచిద్దాం.

బొబ్బిలి యుద్ధం జరిగిందని మనకెలా తెలుసు?

బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. రాజా రంగారావు, ఆయన మనుషులు చివరివరకు పోరాడి చనిపోయారు. కోటలోని స్త్రీలు, పిల్లలు శత్రువుల చేత చిక్కకుండా ముందే ప్రాణాలు కోల్పోయారు. కొద్ది రోజులకే విజయరామరాజును ఆయన డేరాలోనే పొడిచి చంపారు. మన జిల్లాలలో ఈ సంగతి తెలియనివారు లేరు.

అది చూసినవారు ఇప్పుడు ఒక్కరూ లేరు. 1964లో వచ్చిన సినిమా చూసి నమ్మాలా? అది రెండువందల ఏళ్ళ తరువాత తీసింది. మరి దేన్నిబట్టి నమ్ముతున్నాం? ఒకటి, ఊరూరా కథకులు పాడుతూ వచ్చిన బొబ్బిలి కథ. రెండు, రాబర్ట్ ఓర్మ్ అనే ఆంగ్లేయుడు వ్రాసిన చరిత్ర. యుద్ధం జరిగిన రోజుల్లో ఆయన మద్రాసు కౌన్సిలులో సభ్యుడు. కోట దగ్గర లేడు. ఆ సంగతులున్న సంపుటం 1778లో, అంటే యుద్ధమైన 21 ఏళ్ళకు అచ్చయ్యింది.

ఇప్పుడు గమనించండి. ఈ రెండు సాక్ష్యాలూ అన్ని విషయాలలో ఒకటిగా లేవు. విజయరామరాజును చంపింది తాండ్ర పాపారాయుడని మన పాట. ఓర్మ్ గ్రంథంలో పగ తీర్చుకొంటామని పూనుకొన్న మామూలు సైనికులు కనబడతారు. "వివరాలలో తేడా ఉంది కాబట్టి బొబ్బిలి యుద్ధమే జరగలేదు" అని బొబ్బిలి వెళ్ళి అనండి చూద్దాం! ఎవరూ ఒప్పుకోరు. కోట ముట్టడి, రంగారావు మరణం, డేరాలో హత్య, ఈ ముఖ్యమైన సంగతులలో ఇద్దరూ ఏకీభవిస్తున్నారు. ఒకరిది గెలిచినవారి పక్షం కాదు, ఓడినవారి పక్షమూ కాదు. మరొకరిది ఓడినవారి కన్నీరు. ఇద్దరూ కూడబలుక్కోలేదు. అందుకే ఆ సాక్ష్యానికి బలం.

చరిత్ర ఇలాగే పనిచేస్తుంది. గడిచిపోయిన సంగతిని గిన్నెలో పెట్టి మళ్ళీ కాచి చూపించడం ఎవరివల్లా కాదు. సాక్షులెవరు, ఎంత దగ్గరివారు, అబద్ధం చెబితే వారికి లాభమేమిటి అని అడగడమే మార్గం.

సువార్త కూడా అదే పరీక్షకు నిలబడుతుంది

పరిశుద్ధుడైన లూకా తన సువార్తను ఎలా మొదలుపెట్టాడో చూడండి. తాను కళ్ళారా చూశానని చెప్పుకోలేదు. మొదటినుండి కన్నులార చూసినవారు అప్పగించిన సంగతులను తరచి పరిశోధించి, వరుసగా వ్రాస్తున్నానని థెయొఫిలకు చెప్పాడు. ఎందుకు? అతడు నేర్చుకొన్నవి నిశ్చయమైనవని తెలుసుకోవాలని. అంటే మూడవ సువార్త ఒక మనిషికి నిశ్చయత కలగాలని చేసిన విచారణ ఫలితం. దేవుని ఆత్మ ఆ విచారణను అడ్డుకోలేదు, వాడుకొన్నాడు.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం తీయండి. పునరుత్థానుడైన క్రీస్తు కేఫాకు కనబడ్డాడు, పన్నెండుగురికి కనబడ్డాడు, ఐదువందలకంటె ఎక్కువమందికి ఒక్కసారే కనబడ్డాడు, యాకోబుకు కనబడ్డాడు అని వరుసగా చెప్పాడు. ఆ ఐదువందలమందిలో అనేకులు ఇంకా బ్రతికేవున్నారని కూడా చేర్చాడు. ఎందుకు చేర్చాడు? కావాలంటే వెళ్ళి అడగండి అని! ఇది నిలదీయవద్దనేవాడి మాట కాదు.

ఈ పత్రిక ఎప్పుడు వ్రాయబడింది? ఇక్కడ ఒక రాయి మనకు సహాయం చేస్తుంది. అపొస్తలుల కార్యములు 18:12లో పౌలును గల్లియో అనే అధిపతి న్యాయపీఠం ఎదుటికి తెచ్చారని చదువుతాం. గ్రీసు దేశంలోని డెల్ఫీలో దొరికిన ఒక శాసనపు ముక్కలలో అదే గల్లియో పేరు, క్లౌదియ చక్రవర్తి బిరుదుల లెక్క ఉన్నాయి. ఆ లెక్కనుబట్టి గల్లియో క్రీ.శ. 51, 52 ప్రాంతంలో అక్కడ అధికారిగా ఉన్నాడని చరిత్రకారులు తేల్చారు. అప్పుడు పౌలు కొరింథులో ఉన్నాడు. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే, అంటే సుమారు క్రీ.శ. 55లో, ఎఫెసునుండి ఈ పత్రిక వ్రాశాడు. ప్రభువు సిలువ వేయబడింది క్రీ.శ. 30లో గాని 33లో గాని. కాబట్టి ఈ సాక్ష్యానికీ ఆ సంగతికీ మధ్య దూరం సుమారు 20 నుండి 25 ఏళ్ళు. బొబ్బిలికీ ఓర్మ్ గ్రంథానికీ మధ్య 21 ఏళ్ళు! పైగా ఓర్మ్ బొబ్బిలిని చూడనివాడు. పౌలు యెరూషలేములో పేతురు ఇంట 15 దినాలు ఉన్నవాడు, ప్రభువు సహోదరుడైన యాకోబును చూసినవాడు (గలతీ 1:18-19).

నాలుగు సువార్తలలో వివరాలు కొంచెం వేరుగా ఉన్నాయని కొందరు కలవరపడతారు. సమాధి దగ్గరకు వెళ్ళిన స్త్రీల పేర్లు ఒక్కో సువార్తలో ఒక్కో విధంగా ఉన్నాయి, నిజమే. బొబ్బిలిని జ్ఞాపకం చేసుకోండి. నలుగురూ సమాధి ఖాళీగా ఉందన్నారు. నలుగురూ ముందు చూసినవారు స్త్రీలన్నారు. ఆ కాలపు యూదులలో స్త్రీ సాక్ష్యానికి విలువ తక్కువ. కథ అల్లేవాడు తన మొదటి సాక్షులుగా వారిని నిలబెట్టడు. జరిగింది కాబట్టే అలా వ్రాశారు.

రాళ్ళు ఎంతవరకు మాట్లాడతాయి?

రాళ్ళు మాట్లాడతాయని మన ప్రాంతంవారికి ఒకరు నేర్పించాలా? 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, ముఖలింగం ఆలయం మీది శాసనాలను తనంతట తాను చదవడం నేర్చుకొన్నారు. అది పాత లిపి. ఆయన ఓపికగా అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివారు. తరువాత వాడుక భాష కోసం వాదించినప్పుడూ ఆయన ఉత్త మాటలు చెప్పలేదు. పూర్వ పండితుల వ్రాతలనుండే ఉదాహరణలు పోగుచేసి చూపించారు. రుజువు పోగుచేయడం అంటే ఏమిటో మన జిల్లా బిడ్డే తెలుగుదేశానికి చూపించాడు.

అలాగే 1961లో కైసరయలో త్రవ్వకాలు జరిపినవారికి పాత నాటకశాల మెట్లలో వాడేసిన ఒక రాయి దొరికింది. దానిమీద పొంతి పిలాతు పేరు, యూదయ అధిపతి అనే అతని ఉద్యోగం చెక్కి ఉన్నాయి. ఇవి చూసి సంతోషించాలి. కాని ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. ఆ రాయి పిలాతు ఉన్నాడని చెబుతుంది. పిలాతు చంపించినవాడు మూడవ దినాన లేచాడని చెప్పదు. ఆయన నా పాపముల కొరకే చనిపోయాడని ఏ రాయీ ఎన్నటికీ చెప్పదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. కోటమీద యుద్ధం జరిగిందంటే నమ్మడం సులభం. యుద్ధాలు రోజూ జరుగుతాయి. చనిపోయినవాడు లేచాడంటే ఎక్కువ రుజువు అడుగుతారు. అడగడం న్యాయమే. బొబ్బిలి కథ నమ్మినవాడు ఇంటికెళ్ళి నిద్రపోవచ్చు. యేసు లేచాడని నమ్మినవాడు మాత్రం తన బ్రతుకు ఎవరిదో తేల్చుకోవాలి. సాక్ష్యాలు మనల్ని గుమ్మం వరకు తీసుకొస్తాయి. గుమ్మం దాటడం నమ్మకం. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు వంశం, ఉద్యోగం, నడవడి అన్నీ విచారిస్తాం. విచారించకపోతే తెలివితక్కువ. అయినా ఎంత విచారించినా తాళి కట్టే నిమిషంలో మనిషిని మనిషి నమ్మవలసిందే.

విచారించి నమ్మినవాడు

మొట్టమొదటి తెలుగు సువార్తలు అచ్చులోకి రావడానికి కారకుడైన ఒక మనిషిని ఇప్పుడు మీకు పరిచయం చేస్తాను. ఆయన పేరు ఆనందరాయరు, తెలుగు బ్రాహ్మణుడు. ఆనాటి మిషనరీ నివేదికలు ఆయన సంగతి ఇలా చెబుతున్నాయి.

మోక్షం కోరి ఒక వృద్ధ బ్రాహ్మణుని సలహామీద ఆయన ఒక మంత్రాన్ని 4 లక్షల సార్లు జపించడానికి పూనుకొన్నాడు. గుడిలో ఉండి, కఠినమైన నియమాలతో, చెప్పిన లెక్కకంటె ఎక్కువే జపించాడు. ఆరు నెలల తరువాత తన మనసుకు నెమ్మది దొరకలేదని గ్రహించి ఇంటిదారి పట్టాడు. ప్రియులారా, దీన్ని చదివి ఎవరూ నవ్వవద్దు. అంత శ్రమ మనలో ఎంతమంది చేశాం? పైగా ఉపవాస దినాలు లెక్కపెట్టి దేవునికి బిల్లు చూపించే అలవాటు మనలో లేదా?

దారిలో ఒక రోమన్ కతోలిక విశ్వాసి కలిసి, క్రైస్తవ మార్గాన్ని గురించిన రెండు తెలుగు పుస్తకాలు ఇచ్చాడు. ఆయన వాటిని శ్రద్ధగా చదివాడు. వెంటనే పరుగెత్తి బాప్తిస్మం అడగలేదు. ఇంకా విచారిస్తాను, తృప్తి కలిగితే అంగీకరిస్తాను అనుకొన్నాడు. ఈ మాటను గుర్తుంచుకోండి.

ఆయన విచారించాడు సరే. సంఘం కూడా ఆయనను విచారించింది! పాదిరి ఈయనను వెంటనే నమ్మలేదు, ఇంటికి వెళ్ళి బంధువుల దగ్గర ఉండి రమ్మన్నాడు. బంధువులు చాలా సొమ్ము, ఆస్తి పెత్తనం ఇస్తామన్నారు. ఆయన లొంగలేదు. మళ్ళీ వచ్చినా పాదిరికి అనుమానం పోలేదు. అప్పుడు జంధ్యం తీసి ఇస్తాను, జుట్టు కత్తిరించుకొంటాను అన్నాడు. ఆ రోజుల్లో అది తిరిగి వెళ్ళే దారి మూసేసుకోవడమే. అలా బాప్తిస్మం పొందాడు. తరువాత పుదుచ్చేరి, అక్కడనుండి తరంగంబాడి వెళ్ళాడు. అక్కడి ప్రొటెస్టెంటు బోధకులు కూడా కొన్ని నెలలపాటు పరీక్షించాకే ప్రభువు బల్లకు చేర్చుకొన్నారు. అంతవరకు బైబిలును చూడని ఆయన అక్కడ దాన్ని చదవడంలో మునిగిపోయాడు. అరవంనుండి తెలుగులోకి అనువాదాలు మొదలుపెట్టాడు.

విశాఖపట్నంలో 1805నుండి లండన్ మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజిస్ పనిచేస్తున్నారని విని అక్కడకు వచ్చాడు. క్రాన్ దొర 1809లో, డెగ్రాంజిస్ దొర 1810లో ప్రభువునందు నిద్రించారు. వారి పరిచర్య అయిదేళ్ళే. అయినా డెగ్రాంజిస్, ఆనందరాయరు కలిసి పనిచేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో తెలుగులో అచ్చయ్యాయి.

ఆలోచించండి. తరచి పరిశోధించి వ్రాసిన లూకా సువార్తను, తరచి విచారించి నమ్మినవాడి కలం తెలుగు చేసింది. ప్రశ్న అడిగినందుకు ఆనాడే ఆయనను తరిమేసి ఉంటే?

పురుషోత్తమ చౌదరిగారి సంగతీ ఇటువంటిదే. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయనకు ముందు చేతికందింది ఒక చిన్న కరపత్రం. అక్కడితో ఆగలేదు. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అమ్మగారి దగ్గర, తరువాత విశాఖపట్నంలో మిషనరీల దగ్గర విచారించి తెలుసుకొన్నాడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. 1890లో మరణించేవరకు ఆయన వ్రాసిన కీర్తనలు నేటికీ మన నోళ్ళలో ఉన్నాయి. మనం పాడే ఆ పాటల వెనుక ఊరినుండి ఊరికి నడిచిన ప్రశ్నలున్నాయి.

తోమాను ప్రభువు ఏమన్నాడు?

తోమాను "అవిశ్వాసి తోమా" అని పిలవడం మనకు అలవాటైపోయింది. యోహాను 20వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. ఆయన గాయాలు చూస్తేనేగాని నమ్మనన్న తోమాను మిగతా శిష్యులు వెలివేయలేదు. ఎనిమిది దినాల తరువాత కూడా అతడు వారితోనే ఆ గదిలో ఉన్నాడు. అనుమానం ఉన్నవాడు కూర్చోవడానికి ఆ సంఘంలో చోటుంది. ప్రభువు వచ్చి ముందు తన చేతులు చూపించాడు, తరువాతే అవిశ్వాసిగా ఉండవద్దన్నాడు. ఒక్క మనిషి ప్రశ్న కోసం తిరిగి వచ్చాడు.

చూడకుండా నమ్మినవారు ధన్యులన్నాడు కదా అంటారు. అవును. కాని చూడకుండా అన్నాడు, సాక్ష్యం లేకుండా అనలేదు. ఆ వెంటనే 30, 31 వచనాలలో యోహాను ఏమంటున్నాడు? మీరు నమ్మేందుకే ఈ సూచకక్రియలు వ్రాయబడ్డాయి అంటున్నాడు. తోమా చూశాడు, యోహాను వ్రాశాడు, మనం చదివి నమ్ముతున్నాం. హెబ్రీ పత్రిక 11:1లో మన తెలుగు బైబిలు విశ్వాసం దగ్గర "రుజువు" అనే మాటనే వాడింది. అపొస్తలుల కార్యములు 1:3లో ప్రభువు 40 దినాలు "ప్రమాణములు" చూపించాడని వాడింది. మన దేవుడు రుజువుకు దాక్కొనేవాడు కాదు.

సంఘానికి ఒక మాట

అయితే మనవైపు చూసుకోవాలి. యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిన దినాన్ని నాసా కంప్యూటర్లు కనిపెట్టాయనే కథ సుమారు 1970నుండి సంఘాలలో తిరుగుతోంది. అందులో నిజం లేదని నాసావారే చెప్పారు. అయినా ఇప్పుడు ఫోనుల్లో మళ్ళీ మళ్ళీ పంపుకొంటున్నాం. దేవుని సత్యానికి మన అబద్ధం ఆసరా అక్కరలేదు. ఒక్క అబద్ధపు రుజువు బయటపడితే మన నిజమైన సాక్ష్యం కూడా దానితోపాటు కొట్టుకుపోతుంది.

స్వస్థతల విషయంలోనూ అంతే. ప్రభువు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. కాని మార్కు 1:44లో బాగైన కుష్ఠరోగికి ఆయన ఏమి చెప్పాడు? వెళ్ళి యాజకునికి కనబరచుకో అన్నాడు. ఆ కాలంలో పరీక్షించి తేల్చవలసినవాడు యాజకుడు. యేసు చేసిన అద్భుతం పరీక్షకు వెళ్ళింది! మరి మన కూటాలలో స్వస్థత పొందానన్నవారిని డాక్టరుకు చూపించుకొమ్మంటే కోపమెందుకు? మాత్రలు ఆపేయమని ఏ సేవకుడైనా చెబితే అది విశ్వాసం కాదు, సహోదరుని ప్రాణంతో ఆడుకోవడం. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీదనే సంగతి స్థిరపరచాలని ద్వితీయోపదేశకాండము 19:15 చెబుతోంది. సమస్తమును పరీక్షించి మేలైనదాన్ని పట్టుకొమ్మని పౌలు చెప్పాడు (1 థెస్సలొనీక 5:21). పౌలు చెప్పినా సరే, లేఖనాలు తిప్పి చూసుకొన్న బెరయవారిని లేఖనం ఘనులని మెచ్చుకొంది (అపొ.కా. 17:11).

కాబట్టి తల్లిదండ్రులారా, మీ బిడ్డ రుజువు అడిగితే భయపడకండి. అడుగుతున్నాడంటే ఇంకా వదలలేదన్నమాట. పక్కన కూర్చోబెట్టుకొని లూకా సువార్త తెరవండి. తెలియనిది తెలియదని చెప్పండి. యౌవనులారా, మీరు అడగండి, గట్టిగా అడగండి. కాని ఆనందరాయరువలె తృప్తి కలిగితే అంగీకరించడానికి సిద్ధపడి అడగండి. నడిచే ఉద్దేశం లేనివాడు దారి అడిగితే ఎన్ని గుర్తులు చెప్పినా చాలవు. గాయాలు చూసిన తోమా ఇంకొక రుజువు కావాలనలేదు. నా ప్రభువా, నా దేవా అని మోకరించాడు.

ప్రార్థన చేద్దాం. ప్రేమగల తండ్రీ, మా ప్రశ్నలు నీకు కొత్తవి కావు. తోమా కొరకు తిరిగి వచ్చిన నీ కుమారుడు మా బిడ్డల కొరకు కూడా రానిమ్ము. అబద్ధపు ఆసరాలు విడిచి సత్యంగా సాక్ష్యమిచ్చే సంఘముగా మమ్మును చేయుము. చూడకపోయినా, విన్న సాక్ష్యాన్నిబట్టి నిన్ను నమ్మి అడుగు వేసే కృప మాకు దయచేయుమని యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.